మింగిన పూసలు

జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కృష్ణప్రియ, ఖాజాగూడ చెరువు నీటిచుక్కలో నలకకన్నా సన్నని ఎర్రటి ప్లాస్టిక్ పూసలు కలిపి ఇంట్లోనే మైక్రోస్కోప్ కింద పెట్టింది. చెప్పు ఆకారంలో ఉండే పారమీసియం అనే ఏకకణజీవి ఈదుకుంటూ వచ్చి వాటిని మింగేసింది.

అత్త చంద్రమ్మ కూడా కన్ను ఆనించి చూసింది. "గదేంది బిడ్డా, దాని కడుపుల ఎర్రగ?"

"ప్లాస్టిక్, అత్తమ్మా. తిండి అనుకున్నది."

"అరుగుతదా మరి?"

"అరగదు. బయటికి తోసేస్తదేమో చూద్దాం."

ఇద్దరూ వంతులేసుకుని చూస్తుంటే పక్కన చాయ్ చల్లారిపోయింది. చివరికి ఆ జీవి పూసలను వదిలేసింది. కృష్ణప్రియ ఊపిరి పీల్చుకునేలోపే, గిర్రున తిరిగొచ్చి వాటినే మళ్లీ మింగింది.

"దీనికి యాది ఉండదా?" చంద్రమ్మ విస్తుపోయింది.

ఆ ప్రశ్న కృష్ణప్రియకి నచ్చింది. ఈసారి పూసల పక్కనే దానికి అరిగే ఈస్ట్ కూడా వేసి, అది ముందు దేన్ని మింగుతుందో చూద్దామని ఈస్ట్ నీళ్లు ఓ చుక్క తీసింది.