కోటదిబ్బలో చిక్కిన ఎమ్లిన్

వేల్స్ సరిహద్దులో మా గొర్రెల పొలం మధ్యనున్న కోటదిబ్బ, తొమ్మిది వందల ఏళ్ళ కిందట నార్మన్ దొరలు మట్టి పోయించి లేపింది. అది రక్షిత కట్టడం. అనుమతి లేకుండా పార వేస్తే నేరం. నేను కాపురానికొచ్చిన రోజే మా అత్త ఆ సంగతి చెప్పింది.

మార్చిలో వారంపాటు కురిసిన వాన తెరిపిచ్చిన ఉదయం, మా కుక్క ఫ్లాస్ దిబ్బ వాలులోని బ్యాడ్జర్ అనే అడవి జంతువు తవ్విన బొరియలో దూరి ఇరుక్కుంది. నా భర్త ఎమ్లిన్ బోర్లా పడుకుని, భుజాల దాకా లోపలికి దూరి దాన్ని అందుకోబోయాడు. పైనున్న తడి మట్టి ఒక్కసారిగా జారింది. బయట అతని బూట్లు మాత్రమే మిగిలాయి.

"నెస్టా!" లోపల్నుంచి మూలుగు వినిపించింది. "ఊపిరాడుతోంది... నడుం మీదంతా బరువే..."

నా కేకలకు పక్క పొలంలో కాలవ తీస్తున్న ముసలి గిటిన్స్ జేసీబీతో వచ్చాడు. వాలు చూసి ఇంజన్ ఆపేశాడు.

"మిషను పెడితే దిబ్బంతా వాడి మీదే కూలుద్ది. చేత్తోనే తియ్యాలి. కానీ అమ్మాయ్, దీన్ని తవ్వితే కోర్టుకీడుస్తారు!"

"ఈడవనీండి! ముందు మీ సీటు వెనకున్న ఆ ప్లాస్టిక్ బకెట్ ఇవ్వండి!"

మేం తీసినంత మట్టీ మళ్ళీ జారేది. కాసేపటికి బూట్లు కదలడం మానేశాయి. పిలిచాను, పలకలేదు. ఏడుస్తూనే గోళ్ళతో తవ్వాను. చివరికి బెల్టు దొరికింది. ఇద్దరం పట్టి లాగాం. నల్లటి ముఖంతో బయటపడి దగ్గాడు. ఫ్లాస్ అతని వెనకే పాక్కుంటూ వచ్చింది.

ఎమ్లిన్‌ను ఆసుపత్రికి పంపాక గిటిన్స్ గుంత చూపించాడు. "పూడ్చేసి పైన పచ్చిక పరుద్దాం. ఎవడికి తెలుస్తుంది?"

నాకూ అలాగే చేయాలనిపించింది. కానీ భయపడుతూనే కట్టడాల శాఖకు ఫోన్ చేశాను.

మూడో రోజు కట్టడాల అధికారిణి రోవీనా టీల్ వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని గుంతలోకి చాలాసేపు చూసింది.

"ఎవరు తవ్వారు?"

"నేనేనండీ."

"ప్రాణం నిలబెట్టడానికి తవ్వితే తప్పు కాదమ్మా. జరిగింది రాసివ్వండి. చెప్పకుండా పూడ్చుంటే మాత్రం వేరేగా మాట్లాడేదాన్ని."

మే నెలలో ఆమె మనుషులే వచ్చి గుంత పూడ్చారు. విరిగిన పక్కటెముకలు అతుక్కున్నా, ఎమ్లిన్ పొలంలోకి రాలేదు. గేటు కమ్మీ గట్టిగా పట్టుకుని, అక్కడే నిలబడి చూశాడు.