ఖాళీ లేని టేపు

టక్కుమని మీటలన్నీ ఒకేసారి పైకి లేచాయి. జయచంద్ర నాలుగు క్యాసెట్లనూ బయటికి తీసి, ఒక్కోదాన్నీ అరచేతిలో తట్టాడు. అలా తడితే లోపలి చుట్ట సమంగా కూర్చుంటుంది. తర్వాత చొక్కా కొసతో తుడిచి, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, అట్టపెట్టెలో పేర్చాడు. మదనపల్లె బజారులో ఇంకా సగం దుకాణాలు తెరవలేదు. టమోటా లారీలు మాత్రం మార్కెట్టు వైపు వరసగా పోతున్నాయి.

అరవై దగ్గర పడుతున్న మనిషి. పొట్టివాడు. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి జారి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ పక్కకే వంగి మీటలు నొక్కినందువల్ల వచ్చిన వంపు అది. ఎడమ చిటికెన వేలి గోరు ఒక్కటే పొడుగ్గా పెంచుకుంటాడు. జారిన టేపును చుట్టడానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు.

కురబలకోటలో తండ్రి మేపిన గొర్రెల మంద నుంచి తప్పించుకుని, ఇదే దుకాణంలో పనివాడుగా చేరి, చివరకు దానికి యజమాని అయ్యాడు. ఆ రోజుల్లో లారీ డ్రైవర్లు కావలసిన పాటల పేర్లు చెప్పి పోయేవాళ్ళు. సాయంత్రానికి వాటిని ఖాళీ టేపుకు ఎక్కించి ఉంచాలి. ఊళ్ళో అలాంటి దుకాణాలు ఇంకా ఉన్నా, జయచంద్ర దగ్గరికే అందరూ రావడానికి ఒక కారణం ఉంది. అతని టేపులో ఖాళీ ఉండదు. అడిగిన పాటలు అయిపోయి ఇంకా కాస్త టేపు మిగిలితే, అందులో నాదస్వరమో భజనో ఎక్కించి ఇచ్చేవాడు. డబ్బిచ్చి కొన్నవాడికి ఉత్త సరసర వినిపించడం మోసమని అతని నమ్మకం. పొట్లంలో మిగిలిన చోటును ఇంకో గుప్పెడు శనక్కాయలతో నింపే వ్యాపారి బుద్ధి అది. దానితోనే పైకి వచ్చాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. జయచంద్రకు పాటలంటే ఏమీ తెలియదు. ఇష్టం లేదని కూడా కాదు, వినే అలవాటు లేదు. స్పీకరు కట్టేసి, మీటరు ముల్లు ఊగడం చూస్తూ పని చేసుకునేవాడు. ముల్లు ఊగితే పాట, పడుకుంటే ఖాళీ. భార్య ప్రమీలకు పాటలంటే ప్రాణం. "ఈ ఒక్క పాట కూసోని ఇను" అని పెళ్ళైన కొత్తలో చెయ్యి పట్టుకుని అడిగేది. అతను నవ్వి లేచిపోయేవాడు. తర్వాత ఆమె అడగడం మానేసింది.

ఇప్పుడా దుకాణంలో ఛార్జర్లు, రిమోట్లు, ఫోను కవర్లు వేలాడుతున్నాయి. నాలుగు టేపుల మిషన్ మూలన గుడ్డ కప్పుకుని ఉంటుంది. పోయిన వారం కుప్పం నుంచి సింధూజ వచ్చి ఆ గుడ్డ తీయించింది. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మగపిల్లల బూట్లు. రోజూ రైల్లో బెంగుళూరుకు పోయి పని చేసుకుని వస్తుంది. ఆమె పాడే బ్యాండు పేరు 'కంకర'.

"హార్డ్‌కోర్ పంక్ అంటారప్పా దీన్ని" అంది. "మాలాంటి బ్యాండులు ఇప్పటికీ కొత్త పాటలు టేపుల్లోనే తెస్తాండాయి. బెంగుళూరోళ్ళవి, మద్రాసోళ్ళవి కూడా ఈసారి కొత్తవి వస్తాండాయి. ఆదివారం సాయంత్రం కుప్పంలో అందరమూ ఒక షెడ్డులో పాడి, మా మా టేపులు జనాలకిస్తాము."

అతను మొదటి పాట పెట్టి చూశాడు. టిప్పరు నుంచి కంకర దబదబా దించినట్టు డ్రమ్ము, దాని మీద గొంతు చించుకుని ఈ పిల్ల అరుపు. 'మాస్కు ఇయ్యలా, మాస్కు ఇయ్యలా' అన్న మాటలు మాత్రం తెలిశాయి. అతను ఆశ్చర్యపోయేలోగానే పాట అయిపోయింది.

"ఇది పాటా పాపా, కొట్లాటా?"

"రెండూ అప్పా" అని ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, టేపును మిషన్‌లోంచి తీసి అతని చేతిలో పెట్టింది. "మేము నేరుగా టేపులోకే పాడినాము. ఇంకో కాపీ లేదు. ఉండేది ఉండేట్టు ఎక్కించు. ఏమీ సరిచెయ్యొద్దు."

సరేనన్నాడు. ఆమె అటు పోగానే స్పీకరు కట్టేశాడు. ఆ అరుపులకు తల పగిలిపోతోంది. కాపీలు తీసే ముందు టేపంతా ఒకసారి తిప్పుతూ, ముల్లు పిచ్చెక్కినట్టు కొట్టుకుంటూ ఉంటే చూస్తూ కూర్చున్నాడు. నిమిషం, నిమిషమున్నర పాటలు కాబట్టి రెండో వైపు సగంలోనే ముల్లు పడుకుంది. అడుగున ఎక్కడో సన్నగా వణుకుతోంది గానీ, పాత మిషన్లకు ఆ వణుకు మామూలే. ఇంత టేపు ఖాళీగా పోతోందే అనుకున్నాడు. ఆ పిల్ల రైల్లో నిలబడి పోయి సంపాదించిన డబ్బు కదా అనిపించింది. నాదస్వరం టేపు వెతికి తీశాడు. అసలు టేపులోనే ఎక్కించేస్తే కాపీలన్నిటికీ అదే వచ్చేస్తుంది.

మిషన్ ఒప్పుకోలేదు. క్యాసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరగ్గొడితే ఇక దానిమీద కొత్తగా ఏదీ ఎక్కదు. ఈ టేపుకు అవి రెండూ విరిగి ఉన్నాయి. దానికి మందు ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. జయచంద్ర ప్లాస్టరు ముక్క కత్తిరించి ఆ బొక్కల మీద అతికించాడు. మీట నొక్కాడు. మీటరు ముల్లు నిండుగా, మర్యాదగా ఊగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆఖరి డబ్బా కూడా పెట్టెలో చేరింది. అసలు టేపును చొక్కా జేబులో వేసుకుని, పెట్టెకు పురికొస కట్టి, బస్టాండుకు నడిచాడు.

పుంగనూరులో దిగాడు. టేపుల పైఅట్టలు అక్కడ అచ్చవుతున్నాయి. ప్రెస్సు చంద్రశేఖర్ ఆ అట్టల కట్ట బల్ల మీద పడేశాడు. మీద ఒక మగమనిషి బొమ్మ, ముక్కుకూ నోటికీ అడ్డంగా తుండుగుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"ఏమి జయచంద్రా, ఈ వయసులో దొంగల పాటలు పట్టుకున్నావు?"

"నువ్వు అచ్చేసే కర్మంతరాల కార్డుల కంటే మేలేలే అప్పా."

"అది సరే, ఇన్నావా నువ్వు? ఎట్లుండాయి?"

"సరుకు మోసేవానికి రుచెందుకు?" అని జయచంద్ర కట్టను చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

బస్సు పలమనేరు దాటినాక ఫోను మోగింది.

"అప్పా, నేను సింధూజ."

"ఆ పాపా, వస్తాండాను. పెట్టె నా ఒళ్ళోనే ఉండాది."

"మా నాయన తెల్లారి పోయినాడప్పా."

ఆమెకు తండ్రి ఉన్నట్టే తెలియదు అతనికి.

"రాళ్ళ పాలిష్ పని. ఊపిరితిత్తులంతా దుమ్ము పట్టింది" అంది ఆమె. గొంతు బొంగురుగా ఉంది, ఏడుపు మాత్రం లేదు. "సాయంత్రం పాడేది లేదులే. అది ఎవరన్నా చెప్తే నువ్వు ఎనక్కి తిరుక్కోని పోతావేమోనని చేసినాను. అసలు టేపు తెస్తాండావు కదా? పాటలైపోయినాక కడాన ఉండాదే, నాయన ఊపిరి, అది మా అమ్మకు వినిపియ్యల్ల. దానికోసమే కదప్పా ఆ టేపంతా. నువ్వు విన్నావు కదా, సరిగ్గా వచ్చిందా?"

బస్సు గుంతలో పడి లేచింది. జయచంద్ర నోటి వెంట అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"బాగుండాది పాపా. శానా బాగుండాది."

అవతల ఎవరో ఆమెను పిలిచారు.

"సరే అప్పా. రా" అని ఆమె పెట్టేసింది.

కిటికీ అవతల మల్బరీ తోటలు వెనక్కి పోతున్నాయి. అడుగున సన్నగా వణికిన ముల్లు అతని కళ్ళ ముందుకొచ్చింది. అది మిషన్ వణుకు కాదు. మంచంలో పడి ఒక మనిషి గాలి కోసం పడిన పాటు. దానిమీద తాను పెండ్లి మేళం పోశాడు. పోసి, బాగుందని చెప్పాడు.

అతని బుర్ర ఎప్పటిలాగే లెక్కలోకి దిగింది. తప్పించుకునే దారి ఒకటి సిద్ధంగానే ఉంది. మిషన్ టేపును నమిలేసిందని చెప్పొచ్చు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. తన బతుకులో ఎన్నోసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ నమ్మారు. జేబులోంచి క్యాసెట్టు తీశాడు. చిటికెన గోటితో టేపును బయటికి లాగాడు. గోధుమరంగు మెరుపు వేలికి చుట్టుకుంది. నాలుగు ముడతలు పెట్టి ఒక్కసారి పీకితే చాలు, ఇక అడిగేవాడుండడు.

పక్క సీట్లో ఆకుకూరల గంప పెట్టుకున్న ముసలామె చూస్తోంది.

"యాలప్పా, మంచి టేపు పాడు చేస్తాండావు?"

అతను టేపును మళ్ళీ లోపలికి చుట్టాడు. మంచితనం వచ్చి కాదు. ఆ పిల్ల పాటలైనా మిగిలి ఉన్నాయి, వాటిని కూడా పోగొట్టడం ఎందుకనే లెక్క. పోగానే ముందు తానే చెప్పేయాలనుకున్నాడు. వీకోట దాటే దాకా మాటలు కూర్చుకున్నాడు. కుప్పంలో దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

రేకుల ఇంటి ముందు షామియానా వేసి ఉంది. పాలిష్ ఫ్యాక్టరీ పనివాళ్ళు గోడ వెంట కుదురుగా కూర్చున్నారు. వాళ్ళలో చాలామందికి దగ్గు. చెవులకు పోగులు, నల్ల చొక్కాలు వేసుకున్న పిల్లలు కొందరు వేరుగా నిలబడ్డారు, బెంగుళూరు బ్యాండులవాళ్ళు. తమ కొత్త టేపుల సంచులు ఇంకా భుజాలకే ఉన్నాయి. వాటిని ఎక్కడ దించాలో వాళ్ళకు తెలియనట్టుంది. చాప మీద సింధూజ తండ్రి మునెప్పను పడుకోబెట్టారు. మనిషంటే పక్కటెముకల గూడు. తల దగ్గర భార్య పాపక్క, పాదాల దగ్గర పాత టేప్‌రికార్డరు.

సింధూజ లేచి వచ్చి చెయ్యి చాపింది. జయచంద్ర జేబులోంచి క్యాసెట్టు తీశాడు.

"పాపా, ఒక మాట..."

"తర్వాత అప్పా" అని తీసుకుంది. అతను ఇంకోసారి పిలవలేదు. పిలిచే సమయం ఉండింది. ఆమె చాప దాకా నడిచింది, కూర్చుంది, టేపు పెట్టింది, ముందుకు తిప్పింది. అంతసేపూ అతను పెట్టె పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇనుమా" అంది తల్లితో. "నాయన."

ఆఖరి పాట అరుపు ఒకటి వినబడి ఆగింది. పాపక్క టేప్‌రికార్డరు మీదికి వంగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ వెంటనే డోలు దెబ్బతో నాదస్వరం లేచింది. పందిట్లో తాళి కట్టేటప్పుడు ఊదే జోరు.

గోడ పక్కన ఎవరికో నవ్వు వచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"ఇదేందిమ్మే? పెండ్లి మేళం?" అని పాపక్క కూతురి మొహంలోకి చూసింది. "మీ నాయన యాడ?"

సింధూజ ఆపేసింది. ఇంకొంచెం ముందుకు తిప్పి పెట్టింది, నాదస్వరం. వెనక్కి తిప్పింది, నాదస్వరం. క్యాసెట్టు తీసి వీపు తిప్పి చూసింది. ప్లాస్టరు ముక్క మీద వేలు పెట్టి అక్కడే ఉంచింది.

"వీటిని నేనే ఇరగ్గొట్టి ఇచ్చినాను కదప్పా."

"ఖాళీ అనుకున్నాను పాపా."

"ఫోన్లో శానా బాగుండాదన్నావు. అంటే విన్నట్టే కదా?"

ఇంకో దారి కూడా కనిపించింది అతనికి. విన్నాను గానీ మరీ సన్నగా ఉండి తెలియలేదని చెప్పొచ్చు. నాలుక దాకా వచ్చింది. షామియానా కింద అందరూ తన వైపే చూస్తున్నారు.

"ఇనలేదు" అన్నాడు.

"నా ముందర విన్నది కాకుండా ఇంకొక్క పాటైనా?"

"లేదమ్మా."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిచి ఉంటే తట్టుకునేవాడు. టేపులో అంతగా గొంతు చించుకున్న పిల్ల ఒక్క మాట అనలేదు. క్యాసెట్టును తండ్రి అరచేతిలో పెట్టబోయి, ఏమనుకుందో, తన జేబులోనే వేసుకుని తల్లి పక్కకు జరిగి కూర్చుంది. పాపక్క ఇంకా టేప్‌రికార్డరు వైపే చూస్తోంది, తన మనిషి కాస్త ఆలస్యంగానైనా వస్తాడన్నట్టు.

సాయంత్రం శవాన్ని లేపారు. బ్యాండులో డ్రమ్ము కొట్టే ధనుష్ ఎవరి మెడలోదో తప్పెట తీసుకుని ముందు నడిచాడు. నల్ల చొక్కాల పిల్లలు పాడెకు భుజాలు పట్టారు. తప్పెట దెబ్బ వీధి మలుపు తిరిగే దాకా జయచంద్ర నిలబడి విన్నాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. పెట్టెను అరుగు మీద దించాడు.

ఇల్లు కడగడానికి బిందె తెచ్చిన పొరుగామె అతన్ని చూసి, "అప్పా, ఊరికే నిలబడినావు కదా, లోపల ఆయన పండుకున్న మంచం కొంచెం బయటేసిపో. ఇంట్లో ఉంచకూడదు" అంది.

లోపలికి వెళ్ళాడు. గది చిన్నది. నులకమంచం గోడకు ఆనుకుని ఉంది, నడుమ లోతుగా కుంగిపోయి. ఎత్తడానికి తలవైపు కోడు పట్టుకోబోతే చేతికి ఏదో తగిలింది. పాత చీర పేలికతో మంచం కోడుకు ఒక చిన్న మైకు కట్టి ఉంది. దాని వైరు ఎక్కడా తగిలించకుండా నేల మీద పడి ఉంది. మైకు మూతి మాత్రం ఇంకా కాస్త వంగి, చొట్ట పడిన దిండు వైపే తిరిగి ఉంది.