ప్లాటినం తీగ చల్లారేంత సేపు

నేను ఒక ప్లాటినం తీగను. పొడవు అంగుళం. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో కృపారాణి అనే అమ్మాయి నన్ను సన్నటి గాజు గొట్టం కొసన మంట మీద అతికించి, నా అంచును చిన్న సుత్తితో చదును చేసింది. అక్కడ ఎవరి తీగ వారిదే, అరువివ్వరు. కృపారాణి మాత్రం నన్ను పక్క కుర్చీలోని సబీహాకూ ఇచ్చేది. అలా నాకు ఇద్దరు యజమానులు.

నా పని పురుగులను ఎత్తడం. ఏలికపాముకు దూరపు చుట్టాలవి. మట్టిలో బతుకుతాయి, ఆవగింజంత నిడివి కూడా ఉండవు. వాటిని పెంచే చిన్న మూత ప్లేట్లలో ఒకదానిలోంచి ఇంకోదానికి మార్చే ప్రతిసారీ, సూక్ష్మక్రిములు అంటకుండా నన్ను మంటలో ఎర్రగా కాల్చి, చల్లారేదాకా రెండు క్షణాలు ఆగాలి.

కృపారాణిది ఉరుకు చెయ్యి. సబీహా ప్లేటు మూత పట్టుకుని, "ఆగమ్మే, సల్లారనీ. పురుగేమన్నా బస్సెక్కి పోతాదా?" అనేది.

"నువ్వున్నావుగా ఆపడానికి. నాకేంటంట?"

వాళ్లు పరిశోధించేదీ ఇలాంటి జత గురించే. పురుగు కణంలో ఒక ఆర్ఎన్ఏ పోగు జడపిన్నులా వంగి ఉంటుందట. దాన్ని కోసేది డ్రోషా అనే ప్రోటీన్. ఎక్కడ కోయాలో పట్టుకుని చూపేది పాషా అనే ప్రోటీన్. కోయగా కోయగా మిగిలే చిన్న పోగే మైక్రోఆర్ఎన్ఏ. ఏ వయసులో ఎలా ఎదగాలో పురుగుకు అదే చెబుతుంది.

"మా చిన్నాయన పేరూ పాషానే," అని నవ్వేది సబీహా. "ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన్నెవరూ లెక్కజేయరు."

రెండేళ్లు తంటాలు పడి, పాషాలో చిన్న లోపమున్న పురుగుల వంశాన్ని తయారుచేశారు. వాటిని గడ్డకట్టించి భద్రపరచక ముందే అక్కడ సబీహా ఉద్యోగ గడువు ముగిసింది. కర్నూలులో కాలేజీ ఉద్యోగం దొరికింది. వెళుతూ నన్ను బల్లమీద పెట్టి, "నీ దగ్గరే ఉండనీలే," అంది. కణం కూడా కోతలన్నీ అయ్యాక మిగిలే జంటపోగుల్లో చివరికి ఒకదాన్నే ఉంచుకుంటుందట. రెండోది ఏమైందో ఎవరూ అడగరు. ఆమె కుర్చీని మర్నాడే గోడవైపు జరిపేశారు.

ఆ వానాకాలం ప్లేట్లకు బూజు పట్టింది. ఇంకా గడ్డకట్టించని ఆ వంశంలో ఒక్క తల్లి మిగిలింది, కడుపునిండా గుడ్లతో. శుభ్రమైన ప్లేటులోకి మారిస్తే వంశం నిలుస్తుంది. లేదంటే అంతే.

కృపారాణి ఎడమచేత్తో మూత తీసింది. కుడిచేత్తో నన్ను మంటలో పెట్టింది. ఎర్రబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. తీగకు నోరెక్కడిది? ఎర్రదనం పోయింది గాని వేడి పోలేదు. అలాగే వెళ్లి ఆ తల్లిని తాకాను.

అది ఒక్కసారి ఒళ్లు చాచుకుని ఆగిపోయింది. మూడు రోజులు కృపారాణి ఆ ప్లేటునే చూసింది. ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు.

"నేనే కాల్చేశానే, సబీహా," అంది ఫోనులో.

అవతలి నుంచి "ఆగమనేదానికి నేను పక్కన లేకపోతి గదమ్మే," అని మెల్లగా వినిపించింది.

తరువాతి ఏడాది కృపారాణి కూడా వెళ్లిపోయింది. చివరి రోజు బల్ల సర్దుతూ నన్ను ఒకసారి మంటలో పెట్టింది. తీసి, "ఆగమ్మే, సల్లారనీ," అని తనలో తనే అనుకుంది.

ఆగాను. పూర్తిగా చల్లారాను. ఎదురుగా ప్లేటు లేదు. నన్ను సొరుగులో పెట్టి మూసింది.