నలభై రెండు పీటలు

మణెమ్మ పోయిన రోజు రొయ్యల షెడ్డులో థర్మామీటరు ముప్పై నాలుగు చూపించింది. అది గేటు పక్కన, సూపర్‌వైజరు బల్ల వెనక గోడకి వేలాడుతుంది. మణెమ్మ కూర్చునేది అవతలి మూల, రొయ్యలు ఉడికే బాయిలర్ దగ్గర. చెయ్యి నెమ్మదించిన ముసలివాళ్ళకి అక్కడే పీటలు వేసేవారు. ఆ రోజు రొయ్యలు ఒలుస్తూ ఒలుస్తూ పక్కకి ఒరిగిపోయింది.

"జూలైలో ముప్పై నాలుగంటే ఏం వేడండీ?" అన్నాడు సూపర్‌వైజరు, ఆమె కూతురు బ్లెస్సీతో.

బ్లెస్సీ తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరు. ఏడాది తిరక్కుండానే, వేడి తగ్గించమని షెడ్డులో ఆడవాళ్ళు చేసే గొడవ పడలేక ఓనరు ఆ కాలేజీకే వచ్చాడు. నాలుగు ఫ్యాన్లు కొంటాను, ఎక్కడ బిగించాలో కంప్యూటరులో చూసి చెప్పమన్నాడు. ఆ పని ఆమె అడిగి తీసుకుంది.

సాఫ్ట్‌వేరు కంప్యూటరులోనే షెడ్డు కట్టి, ఫ్యాన్లను వందల చోట్లకి మార్చి, ప్రతిసారీ వేడి ఎక్కడ నిలుస్తోందో చూస్తుంది. అయితే ఏది మేలో దానికి తెలియదు. మనిషే చెప్పాలి. హెచ్‌ఓడీ సూర్యప్రకాశరావు గారు ఒకే అంకె చాలన్నారు, షెడ్డు మొత్తానికి సగటు వేడి. దాన్ని తగ్గించమంటే సాఫ్ట్‌వేరు ముప్పై నాలుగుకి దింపింది. ఫ్యాన్లన్నీ గేటు వైపు చేరాయి. బాయిలర్ మూల నలభై ఒకటి.

తెర మీద ఎర్రగా ఉన్న ఆ మూలని చూస్తుంటే బ్లెస్సీకి తన వంటిల్లు గుర్తొచ్చింది. కూలరు హాల్లో ఉంటుంది. "ఇంట్లో ఎవరికీ లేని ఉక్క నీకొక్కదానికేంటి?" అని భర్త ఏసుకుమార్ పదకొండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు. "మేం కట్టెల పొయ్యి మీద వండలేదా?" అనేది అత్తగారు. అమ్మతో ఒకసారి చెప్పుకుంటే, "నాకూ అంతేనే," అంది. అంతకు మించి చెప్పలేదు. తనూ అడగలేదు.

బ్లెస్సీ ఆ ఒక్క అంకె తీసేసింది. దాని బదులు షెడ్డంతా పరిచినట్టు, చోటు చోటుకీ దాని వేడిని విడిగా లెక్కకట్టేలా రాసింది. పీట మీద కూర్చున్న మనిషి ముఖమెత్తులో, నలభై రెండు పీటల్లో ఏ ఒక్కదాని దగ్గరా ముప్పై ఆరు దాటకూడదు. ఈసారి రెండు ఫ్యాన్లు బాయిలర్ వెనక గోడకి వెళ్ళాయి.

"అమ్మ మీద బెంగ లెక్కల్లో కలపకు. సారు చెప్పినట్టు చెయ్యి," అన్నాడు ఏసుకుమార్.

"సగటు ఒక డిగ్రీ పెరిగిందేంటమ్మా? పాతదే పంపేద్దాం," అన్నారు సూర్యప్రకాశరావు గారు.

"సగటులో ఎవరూ కూర్చోరు సార్. అదే పంపుతానంటే నా పేరు తీసేయండి. పాతదాంట్లో ఎర్రగా ఉన్న ఆ మూల బొమ్మ నేనే పట్టుకెళ్ళి షెడ్డులో ఆడవాళ్ళకి చూపిస్తాను."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కొత్త రిపోర్టు మీద సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం ఆమె కూలరుని వంటింట్లోకి నెట్టుకుంది.

"హాలు ఉడికిపోతోందే!" అని అరిచాడు ఏసుకుమార్.

"మొత్తం మీద ఇల్లు చల్లగానే ఉందండీ," అంది.

రిపోర్టు ఓనరుకి చేరి నెలయింది. బాయిలర్ వెనక గోడకి ఫ్యాను కన్నం ఇంకా కొట్టలేదు.