కడుపులో నిలవని ముద్ద

ముందు వాసన తెలిసింది. సామాన్ల గది తలుపు తీయకముందే మహబూబున్నీసా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల, ఇనుప జాలీ బిగించిన చెక్కపెట్టెలో కొండచిలువ ఒక మూలకు ఒదిగి ఉంది. ఇంకో మూల, మొన్న అది మింగిన కోడి మింగినట్టే పడి ఉంది. ఈకలు తడిసి ముద్దయి, ఒళ్లంతా జిగురు.

"కడుపుల ఆగిందా బేటీ?" అని బయట నుంచి అత్త అడిగింది.

మహబూబున్నీసా కోడి మీద బూడిద చల్లి, పాత గుడ్డలో ఎత్తి, వెనక గోడ పక్కన గుంత తవ్వి పూడ్చింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్త ఇక్బాలున్నీసాకు సంగతి తెలిసిపోయింది. ముందున్న రొట్టెల పళ్లెం పక్కకు నెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

"అమ్మీ, రెండు ముద్దలు తినుండ్రి."

"వాడు తిననప్పుడు నాకెందుకు?"

శాలిబండలోని ఆ ఇంట్లో ఇప్పుడు అత్తాకోడళ్లిద్దరే ఉంటున్నారు. ఇక్బాలున్నీసా ఒక్కగానొక్క కొడుకు దస్తగీర్ సిపాయి. పల్టన్‌తో పాటు ఓడెక్కి మలయా వెళ్లాడు. సింగపూర్ జపానువాళ్ల చేతిలో పడిందన్న వార్త తప్ప ఆ తర్వాత అతని గురించి ఏ కబురూ లేదు. ఖైదులో పెట్టారని కొందరన్నారు. ఇంకొందరు ఏమీ అనకుండా తల దించుకుని వెళ్లిపోయారు.

ఆ పాము అతనిదే. పెళ్లికి ముందు దబీర్‌పురా స్టేషన్ దగ్గరి కట్టెల అడితిలో, అడవి నుంచి దిగిన మొద్దుల మధ్య మూరెడు పిల్లగా దొరికింది. చంపబోతున్న కూలీల దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు మనిషి కంటే పొడుగైంది. వెళ్లేటప్పుడు భార్యతో, "అమ్మను చూసుకో, దీన్ని గూడ చూసుకో" అన్నాడు. మహబూబున్నీసాకు పామంటే ఒళ్లు జలదరించేది. అయినా సరేనంది.

మొదట్లో ఇక్బాలున్నీసా కూడా దాన్ని పట్టించుకోలేదు. సింగపూర్ వార్త వచ్చిన కొన్నాళ్లకు, పాము కోడిని మింగడం చూస్తూ, "నా బిడ్డకు గూడ ఇయ్యాల ఎవరో ఇంత పెట్టినట్టున్నరు" అంది. ఏదో మాటవరసకు అన్నదనుకుంది కోడలు. కానీ ఆ రోజు ముసలమ్మ కడుపునిండా తిన్నది. అప్పటి నుంచి పాము తిన్న రోజు ఆమె ముఖం తేటగా ఉండేది. అది వారాల తరబడి చుట్టచుట్టుకుని పడుకుంటే, "వాడు నిద్రపోతున్నడు" అని తృప్తిపడేది.

చలి మొదలవుతూనే పాము కక్కడం మొదలుపెట్టింది. ఆకలితో ఉంటుందని వెంటనే ఇంకో కోడిని పెట్టారు. అదీ కక్కింది. చిక్కిపోతున్నదని ఇంకా పెద్ద కోడిని తెచ్చారు. తిన్న ప్రతిసారీ ఇక్బాలున్నీసా దాని తల ఒళ్లోకి తీసుకుని, చంటిపిల్లకు పాలు పట్టాక నిమిరినట్టు గొంతు నుంచి కిందికి నిమిరేది. గల్లీలోకి వచ్చిన పాములవాడు దాని నోరు తెరిచి ఏదో ఆకురసం పోశాడు. అది పెట్టెను దద్దరిల్లేలా కొట్టుకుని, రెండు రోజులు నోరు సగం తెరుచుకుని పడి ఉంది. పశువుల డాక్టరు పరదా అవతల కూర్చుని అంతా విని, "నేను గుర్రాలను, ఎడ్లను చూస్తనమ్మా. పాము లోపల ఏముంటదో నాకు తెల్వదు. తెల్వనిదానికి దవా రాయలేను" అని నిజాయితీగా చెప్పి వెళ్లిపోయాడు.

పాము వెన్నుపూస పైకి తేలింది. పక్కల చర్మం ముడతలు పడింది. అత్త గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఎవరిని ముందు బతికించుకోవాలో మహబూబున్నీసాకు తోచలేదు. ఒకరు తింటే గాని ఇంకొకరు తినరు. ఆ ఒకరి కడుపులో ఏదీ నిలవదు.

పొద్దున పాలు పోయడానికి వచ్చిన దుర్గయ్యను ఆమె లోపలికి రమ్మంది. పక్క గల్లీలో బర్రెలు పెట్టుకున్న మనిషి. దస్తగీర్‌ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. పాల చెంబు గడప దగ్గర పెట్టి, భయపడుతూనే పెట్టె దగ్గరికి వచ్చాడు. వేలు జాలీలోంచి పోనిచ్చి పామును తాకి, చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"బాయిల రాయి లెక్క సల్లగున్నది, చెల్లె. ఈ గదిల నాకే వణుకొస్తున్నది."

"ఏం చేయాలన్నా? పెట్టినకొద్ది కక్కుతున్నది."

దుర్గయ్య తల గోక్కున్నాడు. "మొన్న నా దూడ పారుకున్నది. పాలు తాగినకొద్ది పారుకునుడే. ఆఖరికి పాలు ఆపిన. నీళ్లు తాపి, ఎండల కట్టేసిన. తేరుకున్నది. దూడ సంగతి వేరు, పాము సంగతి నాకేమెరుక? గానీ కక్కేదానికి పెట్టుడెందుకు?"

"పెట్టకపోతే చస్తది గద!"

"పెడితే బతుకుతున్నదా?"

మహబూబున్నీసా వంగి పెట్టెకు ఒక పక్క చేయి వేసింది.

ఇద్దరూ కలిసి పెట్టెను వంటింట్లోకి ఈడ్చి, పొయ్యి గోడకు ఆనించారు. చుట్టూ గోనె పట్టాలు కప్పారు. వేడినీళ్ల కుండకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టారు. లోపల ఒక మూకుడులో మంచినీళ్లు, అంతే. మహబూబున్నీసా పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుంది.

అత్తకు తెలియగానే లొల్లి మొదలైంది.

"ఆకలికి మాడుస్తవా? నా కొడుకును నా ఇంట్లనే ఆకలికి మాడుస్తవా?"

"దానికి కడుపు పుండైనట్టుంది అమ్మీ. కొన్నాళ్లు ఊకె ఉంచుదం."

"అక్కడ వాళ్లు గూడ గట్లనే అంటున్నరేమో! కొన్నాళ్లు పెట్టకుంటే ఏమైతదని!"

కోడలు తాళంచెవి ఇవ్వలేదు. ముసలమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

యుద్ధం రోజులవి. బియ్యానికి గంటల కొద్దీ లైనులో నిలబడాలి. ఒక పగలు మహబూబున్నీసా బుర్ఖా వేసుకుని ఆ లైనుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వంటింట్లో పెట్టె గొళ్లెం విరిగి వేలాడుతోంది. పక్కనే రోకలి పడి ఉంది. ఇక్బాలున్నీసా నేల మీద కూర్చుని ఉంది. పాము ఆమె ఒళ్లో ఉంది. దాని నడుము మీద కోడి అంత ఉబ్బు.

"చూడు, ఎంత ఆత్రంగ తిన్నదో" అంది ముసలమ్మ. చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఆకలి, బేటీ. వట్టి ఆకలి."

మహబూబున్నీసా బియ్యం సంచి కింద పెట్టి, పామును మెల్లగా ఎత్తి పెట్టెలో పడుకోబెట్టింది.  

మూడో రోజు అది కక్కింది. ఈసారి జిగురులో ఎర్రటి చారలున్నాయి. కక్కాక పాము వెల్లకిలా పడి, ఎంతసేపటికీ సరిగా తిరగలేదు. మహబూబున్నీసా రెండు చేతులతో తిప్పితే తడిసిన తాడులా జారిపోయింది. ఒకప్పుడు తాకడానికే జంకిన దాని తల కింద అరచేయి పెట్టి, ఊపిరి ఉందా లేదా అని చెవి ఆనించి విన్నది. చాలాసేపటికి గాలి తీసిన చప్పుడు ఒకటి వినిపించింది.

ఇక్బాలున్నీసా గడప దగ్గరే కూలబడింది. "నేనే సంపిన. నా చేతుల్తోటి నా కొడుకును నేనే..."

"అమ్మీ!" మహబూబున్నీసా అరిచింది. "అది పాము. ఆయన కాదు. దాని కడుపు నిండితే ఆయన కడుపు నిండదు. అది చస్తే ఆయన చావడు."

"మరి వాడు బతికే ఉన్నడా?"

"నాకు తెల్వదు."

"తెల్వదంటవేంది?"

"తెల్వదమ్మీ. నాకు తెల్వదు, నీకు తెల్వదు. ఈ షహర్ల ఎవ్వరికీ తెల్వదు."

ఇన్నాళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. ఇక్బాలున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సింగపూర్ వార్త వచ్చిన రోజు కూడా ఆమె ఏడవలేదు. కోడలు వెళ్లి పక్కన కూర్చుంది. ఏడుపు ఆగే దాకా ఇద్దరూ ఆ వాసనలోనే కూర్చున్నారు.

"ఇప్పుడేం చేయాలె?" అని చివరికి ముసలమ్మ అడిగింది.

"వెచ్చగ ఉంచాలె. ముట్టుకోవద్దు. పెట్టొద్దు."

"అంతేనా?"

"అంతే."

మహబూబున్నీసా లేచి రొట్టె కాల్చి, పప్పు వేసి ముందు పెట్టింది. ముసలమ్మ చాలాసేపు పళ్లెం వైపు చూసింది. తర్వాత ఒక ముక్క తుంచింది. సగం రొట్టె తిని, మిగతాది కోడలి చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి కుండలో నీళ్లు మార్చడం ఇక్బాలున్నీసా పని అయింది. కుండ చల్లారకముందే ఇంకోటి సిద్ధం చేసేది. పెట్టె ముందు కూర్చున్నప్పుడు చేతులు రెండూ మోకాళ్ల కింద అదిమిపెట్టుకునేది. పాము కదలని రోజులున్నాయి. అయిపోయిందనుకుని ఇద్దరూ ముఖాలు చూసుకున్న రోజులున్నాయి. ఒక మధ్యాహ్నం అది మూకుడులోకి తల దించి నీళ్లు తాగింది. గొంతు కదలడం చూసి ముసలమ్మ కోడలి చేయి గట్టిగా పట్టుకుంది.

ఒక నెలవంక పోయి ఇంకో నెలవంక వచ్చాక, దుర్గయ్య తన గడ్డివాములో దొరికిన చిన్న చుంచెలుకను చంపి తెచ్చాడు. అంత పెద్ద పాముకు అదో మెతుకు. పాము నాలుక ఆడించి, మెల్లగా అందుకుంది. వెంటనే పెట్టె మీద పట్టా కప్పేశారు. ఆ తర్వాతి రోజుల్లో మహబూబున్నీసా వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ముందు గాలి పీల్చి చూసేది. పొగ వాసన, పప్పు వాసన. ఇంకేమీ లేదు. రోజులు గడవనిచ్చి ఇంకో ఎలుకను పెట్టారు. అదీ నిలిచింది.

ఒక పొద్దున పట్టా తీసి చూస్తే, పెట్టె మూలన నల్లటి ముద్ద, దాని పక్కన సున్నం గడ్డలాంటిది ఉన్నాయి. అరిగి బయటికొచ్చిందన్నమాట. మహబూబున్నీసా కేక పెట్టింది. చెంబుతో లోపలికి పరిగెత్తుకొచ్చిన దుర్గయ్య చూసి పగలబడి నవ్వాడు.

"పేడ చూసి గింత సంబురపడేది నేనొక్కన్నే అనుకున్న!"

ఇక్బాలున్నీసా కూడా నవ్వింది. చలి తగ్గే దాకా పెట్టె ఇక్కడే ఉండనీ అని, ఈసారి కోడిపిల్లను పెట్టొచ్చా, ఇంకా ఎలుకే మేలా అని దుర్గయ్యతో చర్చకు దిగింది. కొడుకు పేరు ఎత్తలేదు.

దుర్గయ్య వెళ్లాక మహబూబున్నీసా పెట్టె కడగడానికి కూర్చుంది. సగం కడిగి ఆగిపోయింది. ఇన్నాళ్లూ పొద్దున లేస్తే పాము ఫికర్, అత్త ఫికర్. దస్తగీర్ కోసం భయపడడానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు పాము బతికింది, అత్త తింటున్నది. ఆ భయం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో, అసలు ఉన్నాడో లేడో. తడి చేతుల్లోనే ముఖం దాచుకుంది.

ఇక్బాలున్నీసా వచ్చి చూసింది. కోడలి చేతిలోంచి గుడ్డ తీసుకుని, కొంగు నడుముకు దోపి, మిగిలిన పెట్టె తనే కడిగింది.

దస్తగీర్ కబురు ఆ చలికాలమూ రాలేదు, ఆ తర్వాతి ఎండాకాలమూ రాలేదు.