మిగతావారు తమ పరిధి మేరకు

ముప్ఫై ఏళ్లు పత్రికకు నాటక సమీక్షలు రాసి రిటైరైన పెద్దాయన దగ్గరికి ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. చేతిలో అట్టపెట్టె. అటక సర్దుతుంటే దొరికిందట. నిండా ఆయన సమీక్షల కత్తిరింపులే.

"మా అమ్మ దాచుకుంది సార్. నాకు నాలుగేళ్లప్పుడు పోయింది. నాటకాల్లో చిన్నచిన్న వేషాలు వేసేదట. నాన్న ఒక్కటీ చూళ్లేదు. ఫొటోలు కూడా లేవు."

ఆయన కళ్లజోడు తగిలించుకుని ఒక్కొక్కటే తిరగేశాడు. నాయిక నటన అద్భుతం, దర్శకత్వం అమోఘం. ఆ పిల్ల చెప్పిన వాళ్లమ్మ పేరు ఎక్కడా లేదు. ప్రతి కాగితంలోనూ చివరి వాక్యం కింద మాత్రం పెన్సిలుతో సన్నటి గీత: 'మిగతావారు తమ పరిధి మేరకు నటించారు.'

నాటకం చూడకముందే ఆ ముక్క రాసిపెట్టుకోవచ్చని ఆఫీసులో జోకులేసేవాడు ఆయన.

"అమ్మ ఎలా చేసేది సార్?"

"బాగా చేసేదమ్మా."

"బాగా అంటే?"

సహజంగా, హుందాగా, పాత్రలో ఒదిగిపోయి... నోటిదాకా వచ్చినవన్నీ ఎవరికైనా సరిపోయే మాటలే. మింగేశాడు. ఆ పిల్ల కాఫీ ముట్టకుండా చూస్తోంది.

చాలాసేపటికి ఒకటి గుర్తొచ్చింది.

"ఒకదాంట్లో పనిమనిషి వేషం. యజమాని పోయాక ఆయన కోటు మడిచి పెట్టెలో పెట్టాలి. డైలాగుల్లేవు. మడవబోతే గుండీ ఒకటి వేలాడుతోంది. కింద కూర్చుని కుట్టింది. దారం పంటితో కొరికింది. అప్పుడు మడిచింది. హాల్లో దగ్గేవాళ్లు కూడా దగ్గలేదు."

"మరి ఇది రాయలేదేం?"

"చోటు చాల్లేదు." అనేసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "కాదులే అమ్మా. చోటుంది. నాయికని ఇంకో నాలుగు మాటలు పొగిడి నింపేశాను."

ఆ పిల్ల ఫోన్‌లో అంతా రాసుకుంది.

"కుట్టేటప్పుడు అమ్మ మొహం ఎలా ఉంది?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. కోటు కనిపించింది, గుండీ కనిపించింది, దారం కనిపించింది.

"అప్పుడు నోట్సులో రాసుకున్నానమ్మా. ఆ పుస్తకాలు పాతకాగితాలవాడికి వేసేశాం."

"గుర్తొస్తే ఫోన్ చెయ్యండి సార్," అని నంబరు ఇచ్చి వెళ్లింది.

నెల్లాళ్లపాటు ఆయన పొద్దున్నే బల్ల ముందు కూర్చున్నాడు. కోటు గురించి మూడు పేజీలు వచ్చాయి. మొహం దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయేది. కల్పించి రాయడం ఆయనకు చిటికెలో పని. ఆ పిల్లకి అలాంటిది ఇవ్వడానికి మాత్రం మనసొప్పలేదు. ఫోన్ చెయ్యలేదు.