పక్క పడవలో భోజనం

లూమింగ్ ఫోనును ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడేసింది. దాన్ని ఇంకో సంచిలో, ఆ సంచిని మరో సంచిలో పెట్టి మళ్ళీ ముడులేసింది. ఆ మూటను మొగుడి గుడ్డసంచి అడుక్కి తోసి, పైన పొడి చొక్కా, నొప్పుల తైలం సీసా, అరటాకులో చుట్టిన అన్నం సర్దింది.

"అది ఫోనా, పురిట్లో పసిగుడ్డా? ఎన్ని చుట్లు చుడతావే?" అన్నాడు పొటెన్ గుమ్మంలోంచి.

"ఇంతకుముందు రెండు ఫోన్లు సముద్రంలో పారేసింది నేనా?"

"తడవకూడదు సరే, ఎవరైనా ఫోన్ చేస్తే వినపడొద్దూ?"

"నీకు ఫోన్ చేసేదెవరు? నేను పక్కనే ఉంటాగా."

నిజమే, పక్కనే ఉంటుంది. ఒడ్డున నిలబడి ఎదురుచూడటం ఆమెకు చేతకాదు. చిన్నతనంలో నాన్న కోసం నిలబడింది, పెళ్ళయ్యాక అన్న కోసం నిలబడింది. ఇద్దరూ రాలేదు. అందుకే డెబ్బై దాటినా, మోకాళ్ళు ఏడుస్తున్నా, పొటెన్ పడవ కదిలిన ప్రతిసారీ వంటమనిషిగా తానూ ఎక్కుతుంది.

శని, ఆదివారాల్లో సముద్రం అడుగు చూడటానికి మునకలేయాలని మనీలా నుంచి వీళ్ళ ఊరు అనిలావ్ వచ్చే ఆఫీసు పిల్లలే వాళ్ళకి బతుకుతెరువు. ఆ రోజు ముగ్గురు రావాలి. ఆరింటికి వస్తామన్నవాళ్ళు తొమ్మిదింటికి దిగారు. దారిలో కాఫీ తాగారట. వాళ్ళలో అర్విన్ అనేవాడు ఈతకు కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కల్లో ఒకటే తెచ్చాడు.

"రెండో కాలికి ఏం తొడుక్కుంటావు నాయనా, గరిటా?" అంది లూమింగ్.

"మీ దగ్గర ఉంటాయనుకున్నా, నానాయ్."

అమ్మా అని పిలిచినంత మెత్తగా పిలిచాడు గానీ ఆమె మెత్తబడలేదు. కూతురు నెరిస్సా ఇంట్లోకి పరిగెత్తి ఇంకో జత తెచ్చింది. వాళ్ళను నీళ్ళలోకి దించి చేయిపట్టి తిప్పే పని నెరిస్సాది. మళ్ళీ పడవ కదలబోయేసరికి అర్విన్‌కి కెమెరా గుర్తొచ్చింది. అది కార్లో ఉంది. కారు తాళం వాళ్ళలోని అమ్మాయి చెల్‌స్కా బ్యాగులో ఉంది. చెల్‌స్కా బ్యాగు గాలి సిలిండర్ల అడుగున ఉంది.

"వీళ్ళను కన్న తల్లులకు దండం పెట్టాలి," అని గొణుక్కుంది లూమింగ్.

"దండం తర్వాత. ముందు బియ్యం కడుగు," అన్నాడు పొటెన్.

మునకలేసే పగడపు దిబ్బ దగ్గరికి చేరేసరికి అప్పటికే ఐదారు పడవలు లంగరేసి ఉన్నాయి. అన్నీ ఒకే అచ్చు: తెల్ల రంగు, నీలం గీత, రెండు పక్కలా వెదురు బొంగులు. పోయిన నెల ఇక్కడే ఒక తడిసిన మనిషి వీళ్ళ పడవెక్కితే లూమింగ్ "రా నాయనా, తిందాం" అంటూ పళ్ళెం చేతికిచ్చింది. చేప ముల్లు తీసి మరీ వడ్డించింది. వాడు పక్క పడవ వాడని పళ్ళెం ఖాళీ అయ్యాక తెలిసింది. పొటెన్ ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతాడు. మరేం చేయాలి? తిండి వేళ వచ్చినవాణ్ణి ముందు పేరడుగుతారా ఎవరైనా?

మొదటి మునకలోనే అర్విన్ అందరికంటే చాలా ఆలస్యంగా తేలాడు, అదీ నవ్వుకుంటూ. తాబేలు కనిపించిందట, ఫోటో తీస్తున్నాడట. నెరిస్సా కోపం దిగమింగి, "సార్, నా వెనకే ఉండండి" అంది. రెండో మునకలో అసలు తేలలేదు.

"వాడెప్పుడూ అంతే," అంది చెల్‌స్కా తల తుడుచుకుంటూ. "వచ్చేస్తాడు. ఆకలేస్తోంది, నానాయ్."

నెరిస్సా మాత్రం కూర్చోలేదు. కొత్త సిలిండరు తగిలించుకుని మళ్ళీ దిగింది. మనిషి కింద ఉండగా పెద్ద పడవ కదలకూడదు. లూమింగ్ వడ్డించింది. అర్విన్‌కీ ఒక పళ్ళెం పెట్టింది, తిట్టుకుంటూనే. పొటెన్ రెండు ముద్దలు తిన్నాడు, నీళ్ళకేసి చూశాడు, మూడో ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచాడు.

"ప్రవాహం మిందోరో దీవి వైపు లాగుతోంది. వెనక కట్టిన దోనె తీసుకుని చూసొస్తా."

"తిని వెళ్ళు."

"వాడు నా తిండి అయ్యేదాకా ఆగుతాడా?"

"గాలి లేస్తోంది, కనబడటం లేదా? ఆ ఫోటోల వెధవ కోసం..."

"వెధవైతే ఏం, నా పడవెక్కాడు," అంటూ అతను దోనెలోకి దిగాడు.

భోజనం మధ్యలో ఒకరు వెళ్తుంటే తినేవాళ్ళంతా తమ పళ్ళేలు చుట్టూ తిప్పాలి. అలా చేస్తే వెళ్ళినవాళ్ళు క్షేమంగా వస్తారు. లూమింగ్ తన పళ్ళెం తిప్పింది. మిగతా ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ తింటున్నారు.

"తిప్పండి."

"అయ్యో, మా అమ్మమ్మ కూడా ఇంతే," అని నవ్వింది చెల్‌స్కా. అయినా తిప్పింది. రెండోవాడు కాగితం పళ్ళేన్ని గిర్రున తిప్పబోయి పులుసు ఒలకబోసుకున్నాడు. అర్విన్ పళ్ళెం తిప్పేవాళ్ళు లేరు. లూమింగే తిప్పింది. తర్వాత పొటెన్ వదిలేసిన పళ్ళెం కూడా తిప్పింది. తలెత్తేసరికి దోనె దిబ్బ మలుపు దాటిపోయింది.

నెరిస్సా ఒట్టి చేతులతో పైకి తేలింది. మాస్కు తీసి, "నాన్నేడీ?" అంది. లూమింగ్ నోరు తెరిచేలోగా ఎక్కడో ఫోను మోగింది. మందంగా, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు మోగింది.

పొటెన్ గుడ్డసంచి గుంజకు వేలాడుతోంది. లూమింగ్ చొక్కా, తైలం, అన్నం లాగి పారేసింది. మొదటి ముడి పళ్ళతో తెంపింది. రెండోది గోళ్ళతో చించింది. మూడోది విప్పేసరికి మోగడం ఆగి మళ్ళీ మొదలైంది.

"పొటెన్ మామా, నేను కులాస్‌ని." పడమటి చివర లంగరేసిన పడవ అతనిది. "మీ మనిషొకడు మా దగ్గరున్నాడు. మా గుంపు పెద్దది కదా, మావాడే అనుకుని పళ్ళెం ఇచ్చేశాం. రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాడు. ఇప్పుడు బట్టలు మార్చుకోవడానికి తన బ్యాగేదని అడిగితే తెలిసింది."

లూమింగ్ ఫోను కూతురి చేతికిచ్చింది. నెరిస్సా "లంగరు తీయాలి" అంటూ తాడు అందుకుంది.

మలుపు దాటేసరికి సముద్రం తెల్లగా నురుగెత్తి ఉంది. కులాస్ పడవ కూడా వచ్చి వెతికింది. మిగతావీ వచ్చాయి. సాయంత్రం తీరరక్షణ వాళ్ళూ వచ్చారు. అర్విన్‌ను ఎవరో తెచ్చి లూమింగ్ పక్కన దింపారు. పొడి తువ్వాలు కప్పుకుని నిలబడ్డాడు.

"వాళ్ళు తినమన్నారు, నానాయ్. మన పడవే అనుకున్నాను."

పొద్దుటి నుంచీ దాచుకున్న తిట్లన్నీ ఆమె నోటి చివరే ఉన్నాయి. కులాస్‌ను తిట్టాలా? తనే ఉంటే అదే పళ్ళెం ఇచ్చేది, ముల్లు కూడా తీసి పెట్టేది. వీణ్ణి తిట్టాలా? ఆకలేసినవాడు పెట్టింది తిన్నాడు. మీసం మీద అన్నం మెతుకు అంటుకుని ఉంది. అది తుడుచుకోమని చెప్పి నీళ్ళకేసి తిరిగింది.

దోనె మర్నాడు మిందోరో ఒడ్డున బోర్లా పడి దొరికింది. పొటెన్ తిరిగి రాలేదు. అతను వెళ్ళింది రెండువేల పంతొమ్మిది నవంబరు తొమ్మిదో తారీకు, శనివారం మధ్యాహ్నం.